చీమంత సందు

పెద్ద పలకని ఎత్తాలంటే ఇద్దరు కావాలి. అద్దాల కొట్టులో ఎవరైనా మొదట నేర్చుకునే లెక్క అది. ఒక్కడే ఎత్తితే పలక నడిమికి వంగుతుంది. వంగిన గాజు మనిషి మాట వినదు.

ఆ ఉదయం చిన్నాయన అలవాటుగా పలక ఒక కొస పట్టుకుని, నడుం వంచి, "ఊఁ" అన్నాడు. అవతలి కొస లేవలేదు. ఇంకోసారి "ఊఁ" అనబోయి ఆగిపోయాడు. అవతల గోడ ఉంది, గోడకి మేకు ఉంది, మేకుకి పెద్దాయన తోలు ఏప్రన్ వేలాడుతోంది. మనిషి పోయి నెల దాటింది. చేతులకి మాత్రం ఆ కబురు ఇంకా అందలేదు.

పలకని మెల్లగా దించి, ఎదురుగా సైకిళ్ళు బాగుచేసే అతన్ని కేకేశాడు. అతను నూనె చేతులు తుడుచుకుంటూ వచ్చి అవతలి కొస అందుకున్నాడు.

"ఒక మనిషిని పెట్టుకోకూడదూ చిన్నాయనా? రోజూ నాతో మోయిస్తున్నావు."

"నువ్వు మోసిన పలక తుడుచుకునే పని ఎవడు చేస్తున్నాడో అదీ అడుగు. ఐదు వేళ్ళూ అచ్చేసి పోతావు."

"పోనీలే, రేపు నీ అద్దం ఎవడైనా ఎత్తుకుపోతే నా వేళ్ళే సాక్ష్యం."

తండ్రిని పెద్దాయన అనీ, కొడుకుని చిన్నాయన అనీ పిలవడం ఆ వీధికి అలవాటు. కొడుకు తలలో తెల్లవెంట్రుకలు నల్లవాటిని దాటిపోయినా పేరు మాత్రం మారలేదు. ఇప్పుడు పెద్దాయన లేడు. అంతమాత్రాన చిన్నాయన పెద్దాయన కాలేదు. ఖాళీ అయిన కుర్చీ దానంతటదే నడిచొచ్చి మన కింద చేరదు కదా.

పలక బల్ల మీదికి చేరింది. గుడ్డ పరిచిన ఆ బల్ల కొట్టులో సగం చోటు తినేస్తుంది. దాని అంచు పొడుగునా కొలతల గీతలున్నాయి. పెద్దాయన పొట్ట ఆనే చోట మటుకు ఆ గీతలు అరిగి, చెక్క నున్నబడి, కొద్దిగా లోపలికి పోయింది. చిన్నాయన ఎప్పుడూ ఆ చోటికి ఇటుపక్కనే నిలబడేవాడు. ఇప్పుడూ అక్కడే నిలబడ్డాడు.

వజ్రపు కలాన్ని కిరసనాయిల్లో ముంచి, స్కేలు ఆనించి, ఒక్క ఊపున గీత లాగాడు. మంచి గీతకి పట్టుబట్ట చింపినట్టు చప్పుడుంటుంది, ఈ కొసనుంచి ఆ కొసదాకా ఒకే శ్రుతిలో. నడుమ గరగరమందంటే ఆ పలక దండగ. ఈసారి గీత బాగానే పలికింది. గీత కింద చిన్న కర్ర పెట్టి రెండువైపులా అరచేతులతో నొక్కితే పలక టక్కున విడిపోయింది. కొలతకి చీమంత తక్కువగా.

అంగుళాలూ మిల్లీమీటర్లూ అయిపోయాక ఆ కొట్టులో చివరి కొలత చీమ. "చట్రానికీ గాజుకీ మధ్య చీమ దూరేంత సందు వదలరా. బిగిస్తే ఎండకి పగుల్తుంది" అనేవాడు పెద్దాయన. గాజుకి చీమంత వదలమన్న ఆ మనిషి, తనకీ కొడుక్కీ మధ్య మాత్రం ఏనుగు పట్టేంత వదిలాడు.

"పెద్దాయన ఉన్నారా?"

గుమ్మంలో కుట్టుపనావిడ. అడిగిన మరుక్షణం నాలుక కరుచుకుంది. "అయ్యో, నా మతి మండా! నోటికి అలవాటైపోయింది తమ్ముడూ."

"నా చేతులకే అలవాటు పోలేదక్కా, మీ నోటిదేముంది! చెప్పండి."

ఆవిడ కొట్టు గుమ్మం మీద అర్ధచంద్రాకారంలో ఓ చిన్న కిటికీ ఉంది. రంగులేసేవాడి నిచ్చెన తగిలి దాని అద్దం పగిలింది. "వాన మొదలైతే జల్లు సరాసరి నా మిషను మీదే. బట్టలన్నీ పైవాళ్ళవి. ఈ వారంలో ఎలాగైనా పెట్టిచ్చెయ్యి."

"వంపు నేను కొయ్యనక్కా."

"అదేంటి? చొక్కా కుడతాను గానీ కాలరు కుట్టనన్నట్టుందే!"

"అవన్నీ నాన్న చూసుకునేవాడు. పైన చెక్క కొట్టించి, కింద చదరంగా ఓ ముక్క పెట్టించుకుంటే..."

"చందమామకి చెక్క కొట్టించమంటావా? ఆ వెలుగులోనే తమ్ముడూ నేను సూదిలో దారం ఎక్కించేది." ఆవిడ మెట్టు దిగుతూ, "పెద్దాయన ఉంటేనా..." అని ఆపేసింది.

ఆ సగం మాట చిన్నాయన రోజూ వింటూనే ఉన్నాడు. మిగతా సగం ఎవరూ చెప్పరు. చెప్పక్కర్లేదు కూడా.

వంపు అసలే కొయ్యలేదనడానికి లేదు. ఒక్కసారి కోశాడు. పళ్ళ డాక్టరు ఇల్లు కట్టుకుంటున్నప్పుడు, ఇంకా తన కూతురు గోలీ తల్లి కడుపులో ఉండగా, పెద్దాయన వేరే పని మీద వెళ్ళిన పూట, ఎవరూ అడక్కుండానే అట్ట కత్తిరించుకుని, దాని వెంబడే కలం తిప్పి, అర్ధచంద్రం తీశాడు. వంపు చక్కగా తిరిగింది. ఒకటే లోపం. పలకలోనే ఉన్న ఆవగింజంత గాలిబుడగ కింది మూలకొచ్చి పడింది. పెద్దాయన వచ్చి, వెలుతురుకి ఎత్తి చూసి, మళ్ళీ బల్ల మీద పెట్టాడు. బాగుందని అనలేదు, బాగాలేదనీ అనలేదు. మర్నాడు కొడుకు వచ్చేసరికి ఆయన అద్దాన్ని గుడ్డలో చుట్టుకుని డాక్టరింటికి వెళ్ళిపోయాడు. ముక్కల తొట్టిలో మాత్రం అర్ధచంద్రం రెండుగా విరిగి పడుంది.

ఇంకా అడగడానికేముంది? తన సరుకు వాపసొచ్చింది. చిన్నాయన తొట్టి మీద గోనె కప్పేశాడు. ఆ తరవాత వంపు పని ఏదొచ్చినా కొలత చీటీ పెద్దాయన వైపు జరిపేవాడు. పెద్దాయన ఓసారి అతని ముఖంలోకి చూసి తీసుకునేవాడు. పళ్ళ డాక్టరు వీధి జోలికి చిన్నాయన మళ్ళీ పోలేదు. పన్ను పోటెత్తితే ఊరవతల డాక్టరు దగ్గరికి పోయి పీకించుకున్నాడు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆ తండ్రి అడిగినా పెట్టే రకం కాదు. చట్రంలో బిగించిన అద్దాన్ని వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గి వినేవాడు. తేడా ఉంటే "బిగిసింది" అనేవాడు. లేకపోతే పనిముట్ల సంచి తీసుకుని వెనక్కి చూడకుండా నడిచేవాడు. ఇన్నేళ్ళ పనికీ చిన్నాయనకి ముట్టింది ఆ వీపొక్కటే.

మధ్యాహ్నం రెడీమేడ్ కిటికీల ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా నలక్కుండా స్టూలు అంచున కూర్చున్నాడు.

"ఆలోచించావా అన్నా? కొలత పంపిస్తే చాలు, అద్దంతో సహా కిటికీ వచ్చేస్తుంది. నువ్వు ఫ్యాను కింద కూర్చుని రసీదు రాసుకోవడమే. చెయ్యి తెగదు, నడుం పట్టదు."

"వంపువి కూడా వస్తాయా?"

"వంపెవడిక్కావాలన్నా ఇప్పుడు? అంతా చదరమే. చదరం లోకం." తన మాటకి తనే నవ్వి, కొట్టంతా కలయజూశాడు. "ఆ బల్ల తీసెయ్యాలి. నమూనాలు నిలబెట్టడానికి అదొక్కటే చోటు. ఆదివారం మావాళ్ళొచ్చి విప్పి పట్టుకుపోతారు. దానికీ నువ్వు కష్టపడక్కర్లేదు."

చిన్నాయన బల్ల వైపు చూశాడు. తను వ్యాపారస్తుడు. ఆడని సరుకుని అరలో ఉంచుకోవడం తెలివితక్కువ. వచ్చేవాళ్ళు పెద్దాయన చేతికోసం వస్తున్నారు, ఆ చెయ్యి లేదు. లేని సరుకుకి కొట్టెందుకు?

"సరే, ఆదివారం రమ్మనండి" అన్నాడు. అంత సులువుగా అనేసినందుకు తనకే ఆశ్చర్యమేసింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి గోలీ మెట్ల మీద కూర్చుని, ఆకుపచ్చ గాజుముక్కని కంటికి ఆనించి వీధిని చూస్తోంది. పుట్టినప్పుడు కళ్ళు చూసి, "గాజు గోలీల్లా ఉన్నాయిరా" అని పెద్దాయన పెట్టిన పేరది. అసలు పేరు బడివాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆ గాజుముక్క కూడా ఆయనిచ్చిందే. అలాంటివి ఒక డబ్బా నిండా ఉన్నాయి, రకరకాల రంగులవి. పిల్ల వేలు తెగకుండా ఒక్కో ముక్క అంచుని సానరాయి మీద నీళ్ళు చల్లి గంటలకొద్దీ రుద్దేవాడు. ఆ రుద్దే చప్పుడుకి, "ఆ సమయంలో రెండు కిటికీలు తెమిలేవి" అని చిన్నాయన పళ్ళు కొరికేవాడు.

"ఏమండీ, బడినుంచి కబురొచ్చింది" అంది భార్య. "రోజూ ఆలస్యంగా పోతోందట. మావయ్య పోయాక పక్కింటి పిల్లతో పంపిస్తుంటే మలుపు తిరగ్గానే చెయ్యి విడిపించుకుని వేరే దారిన పోతోందట."

"ఏం గోలీ? ఎటు పోతున్నావే?"

"బడికే."

"బడికి తిన్నగా పోతే మూడు వీధులు. నువ్వే దారిన పోతున్నావు?"

"తాతయ్య దారిన. అది పొడుగు దారి." గాజుముక్క దించకుండానే చెప్పింది. ఆకుపచ్చ కన్ను ఒకటి తండ్రిని తేరిపార చూసింది. "నువ్వు కూడా పచ్చగానే ఉన్నావు నాన్నా."

భార్య అతనికి మాత్రమే వినిపించేట్టు, "రేపు మీరే తీసుకెళ్ళండి. నేను రెండు దెబ్బలు వేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు" అంది.

పొద్దున తండ్రీ కూతుళ్ళు బయల్దేరారు. మలుపు దగ్గర చిన్నాయన తిన్నగా అడుగేశాడు. గోలీ కుడిపక్కకి లాగింది. దెబ్బలు వెయ్యడానికి చెయ్యి రానిది తల్లికే కాదు. అతనూ కుడిపక్కకే తిరిగాడు. కొట్టు తెరవడం ఆలస్యమవుతుంది. అయితే అయింది, ఇవాళ్టికి ఖర్చు రాసుకోవచ్చు.

రొట్టెల కొట్టు ముందు గోలీ ఆగింది. మునివేళ్ళ మీద లేచి, అద్దాన్ని వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గింది. ఆ మెడ వంపు చూసి చిన్నాయన అడుగు ఆగింది. అచ్చం ఆయనే.

"తాతయ్యది" అంది.

లోపల్నుంచి రొట్టెలాయన తల పైకెత్తాడు. "వచ్చావా తల్లీ! ఇవాళ కొత్త మనిషిని తెచ్చావే?"

"మా నాన్న."

"ఓహో, ఆ నాన్నవి నువ్వేనా! మీ పెద్దాయన రోజూ ఈ అద్దం ముందు నిలబడితే నా రొట్టెల మీద మనసైందనుకున్నానయ్యా. లోపలికి రండి, వేడిగా ఉన్నాయి అంటే, 'రొట్టెలెవడిక్కావాలి, అద్దం చూస్తున్నా' అన్నాడు. ఒక్క రొట్టె కొన్న పాపాన పోలేదు!"

ఆ పక్కన పోస్టాఫీసు కిటికీ. టక్. "తాతయ్యది." సెలూన్ తలుపు. టక్. "తాతయ్యది." ఆ తరవాత మందులషాపు. గోలీ తట్టి, ఈసారి కొంచెం ఎక్కువసేపు విని, "ఇది నీది" అంది.

"నాదేంటే?"

"నువ్వు కోసింది. నీది తడితే గంటలా ఉంటుందట, తాతయ్యది గిన్నెలా ఉంటుందట. నాకు రెండూ ఒక్కలాగే వినిపిస్తాయి. కానీ అన్నీ బట్టీ పట్టేశాను." అని ముందుకు పరిగెత్తింది. "ఇదీ నీదే. ఆ మేడ మీద మూడూ నీవే. వాటిని తట్టలేం, చూడాలంతే. తాతయ్య టోపీ తీసి చూసేవాడు."

చిన్నాయన మేడ మీదికి చూశాడు. మూడు కిటికీలు. ఎప్పుడు కోశాడో కూడా గుర్తులేదు. సరుకు గుమ్మం దాటాక దాన్ని తలుచుకోవడం వ్యాపారం కాదు. కానీ ఎవరో ఆ గుమ్మం దాటిన ప్రతి ముక్క వెంబడీ నడిచారు. ఏది ఎక్కడుందో లెక్క తప్పకుండా, రోజూ, చిన్న పిల్ల చెయ్యి పట్టుకుని. ఎండ ఎక్కేదాకా ఎక్కడ తిరిగొచ్చావని తను విసుక్కున్న పొద్దుటిపూటల్లో.

అడుగులు ఏ వీధిలోకి పడుతున్నాయో తెలిసేసరికి తల దించుకోవడానికి వ్యవధి లేకపోయింది. పళ్ళ డాక్టరు ఇల్లు ఎదురుగా ఉంది.

"ఇక్కడ మనం అటు దాటకూడదు" అని గోలీ అతన్ని ఇవతలి అరుగు పక్కన నిలబెట్టింది. "అటు వెళ్తే పన్ను పీకుతాడు. ఇక్కణ్ణుంచి చూస్తేనే కనపడుతుంది కూడా. ఎండ రానీ."

గుమ్మం మీద అర్ధచంద్రం. ఎండ పక్కింటి పిట్టగోడ దాటి మెల్లగా గాజు మీదికి పాకింది. కింది మూల, ఎడంపక్క, చుక్కలాంటిది ఒకటి తళుక్కుమంది.

ఆవగింజంత.

"అదిగో, బుడగ!" అంది గోలీ. "ఇది కూడా నీదే. ఇదే ఆఖరుది. ఇక్కడ తాతయ్య ఎక్కువసేపు ఉంటాడు."

చిన్నాయన అరుగు అంచు పట్టుకున్నాడు.

"ఆ బుడగలో గాలెవరిదో తెలుసా నాన్నా?"

"ఎవరిదే?"

"నీదే! నువ్వు ఊపిరి బిగబట్టి కోస్తావట కదా. కోశాక వదిలితే అది పోయి అందులో దూరిందట." తనే కిలకిలా నవ్వి, వెంటనే గొంతు తగ్గించింది. "ఇంకో సంగతుంది. నీకు చెప్పొద్దన్నాడు తాతయ్య. ఇప్పుడు చెప్పొచ్చా?"

ఇప్పుడు చెప్పొచ్చా. ఆ మాటకి జవాబివ్వగలిగిన మనిషి లేడు. చిన్నాయన తలూపాడు.

"బుడగ లేకుండా ఉంటే బాగుంటుందని తాతయ్య ఇంకోటి కోశాడట. అది టప్‌మని విరిగిపోయిందట."

"అది విరిగిందని నాది పెట్టాడా?"

"కాదు! ఇంకా పలక ఉందట. మళ్ళీ కోద్దామని కలం తీసి, మళ్ళీ నీది చూసి, వద్దులే, ఇంతకంటే నా వల్ల కాదు అనుకుని ఇదే పెట్టేశాడట."

ప్రతి పలకనీ వెలుతురుకి ఎత్తి, ఆ మూలా ఈ మూలా చూసి గానీ తీసుకోని మనిషి చిన్నాయన. అలాంటిది తొట్టిలోని ఆ రెండు ముక్కల్నీ ఒక్కసారైనా ఎత్తి చూడలేదు. చూస్తే బుడగ లేదని తెలిసేది. ఒక్క చూపు పని. ఆ చూపు బదులు గోనె కప్పాడు.

"మరి నాకెందుకు చెప్పొద్దన్నాడే?" గొంతు గరగరమంది, చెడిపోయిన గీతలా.

"ముఖం మీద పొగిడితే చెయ్యి లావెక్కిపోతుందట." గోలీ అతని చెయ్యి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "నాన్నా, నీది పెద్ద మనసట. వంపులన్నీ తాతయ్యకే వదిలేశావు కదా! 'నాకంటే బాగా కోస్తాడమ్మా, అయినా ముసలాడి చేతికి పని ఉండాలని నావైపు జరుపుతాడు' అని చెప్పాడు. ఎన్నిసార్లు చెప్పాడో!"

చీటీని బల్ల మీద జరిపిన ప్రతిసారీ ఆయన తన ముఖంలోకి చూసిన చూపు చిన్నాయనకి గుర్తొచ్చింది. దెప్పుతున్నాడనుకున్నాడు. తను రోషంతో తోసిన చీటీని ఆయన కానుకనుకుని అందుకున్నాడు. సరుకొకటే. ఇచ్చినవాడు నష్టం కింద రాసుకున్నాడు, పుచ్చుకున్నవాడు లాభం కింద. పక్కపక్కన పెట్టి సరిచూసుకుందామంటే ఆ పనికీ ఇద్దరు కావాలి.

"నాన్నా, బడి గంట కొట్టేసుంటారు."

"కొట్టనీ. ఎండ ఇంకాస్త రానీ" అన్నాడు చిన్నాయన.

శనివారం పొద్దున రెడీమేడ్ కిటికీల ఆయన టేపు పట్టుకుని వచ్చాడు. చిన్నాయన బల్ల ముందున్నాడు. దాని మీద అట్టముక్క, కిరసనాయిలు గిన్నె, వజ్రపు కలం.

"బల్ల కదలదండీ" అన్నాడు.

"అదేంటన్నా? మాటిచ్చావు కదా!"

"మాట మీ కిటికీలకిచ్చాను. బల్లకి నేనెవణ్ణి ఇవ్వడానికి? అదిగో, ఆ గోడ మొత్తం మీది. నమూనాలు అక్కడ నిలబెట్టండి. చదరం కావాలన్నవాళ్ళకి మీవి చూపిస్తాను. చదరం కానివన్నీ నావి."

"చదరం కానివెన్నొస్తాయన్నా ఏడాదికి!"

"రాకపోతే మీకే మంచిది కదా, మధ్యలో బాధెందుకు? పైగా మీ కిటికీ అద్దం పగిలితే ఏం చేస్తారు? ఫ్యాక్టరీకి పంపుతారా? నా దగ్గరికే పంపండి."

ఆయన కాసేపు గోడ వైపూ బల్ల వైపూ చూసి టేపు జేబులో పెట్టుకున్నాడు. "పైకి మెత్తగా ఉంటావు గానీ గట్టివాడివే."

"గాజుకి పుట్టినవాణ్ణి కదండీ."

ఆయన వెళ్ళాక చిన్నాయన మేకుకున్న తోలు ఏప్రన్ తీసి కట్టుకున్నాడు. బల్ల ఇటుపక్కనుంచి జరిగి, చెక్క అరిగి లోపలికి పోయిన చోట నిలబడ్డాడు. పొట్ట సరిగ్గా అక్కడ ఆనింది. ఎప్పుడు ఇంత పొట్ట వచ్చిందో!

పగిలిన కిటికీ చట్రంలోంచి తెచ్చిన ఆకారం అట్టమీదుంది. దాన్ని చుట్టూ చీమంత తగ్గించాడు. పలక పైన అట్ట ఆనించి, ఎడమ చెయ్యి దాని మీద గట్టిగా అదిమి, కుడిచేత కలం తీసుకున్నాడు. తిన్నని గీతకి స్కేలు తోడుంటుంది. వంపుకి భుజమే తోడు. కలం ఆగకూడదు, వెనక్కి తిరక్కూడదు. మొదలుపెట్టాడు. సగం దాటేసరికి గీత గరగరమంది. అయినా మొండిగా చివరిదాకా లాగి, కింద తట్టాడు. పగులు గీతని వదిలి తన దారిన తను పోయింది. పలక రెండైంది.

ముక్కలు తొట్టిలో వేశాడు. వెయ్యబోయే ముందు ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తి చూశాడు. ఆ పూట పెద్దాయన కూడా ఇలాగే, ఇదే చోట, విరిగిన ముక్కతో నిలబడి ఉంటాడు. ఒక్కడే. చెప్పుకోడానికి ఎదురుగా కొడుకు కూడా లేడు.

ఇంకో పలక తీశాడు. ఊపిరి బిగబట్టాడు. భుజం నుంచి తిప్పుకుంటూ వచ్చాడు. గీత పలికింది, మొదటినుంచి చివరిదాకా, పట్టుబట్టలా. పలకని అంచు బయటికి వచ్చేలా జరిపి, కలం గుండుతో కింది నుంచి టిక్కుటిక్కుమని తట్టుకుంటూ పోయాడు. వెండితీగలాంటి మెరుపొకటి గీత వెంబడే మెల్లగా పాకింది. వంపు బయట ఉన్న గాజుని అడ్డగీతలతో ముక్కలు చేసి, పటకారుతో ఒక్కొక్కటీ విరుచుకుంటూ వచ్చాడు. చివరి ముక్క చేతికొచ్చాక గానీ ఊపిరి వదల్లేదు. వదిలి, అర్ధచంద్రాన్ని ఎత్తి, అన్ని మూలలా వెతికాడు. బుడగ లేదు. ఎందుకో కొంచెం వెలితిగా అనిపించింది.

ఆదివారం గోలీని వెంటబెట్టుకుని కుట్టుపనావిడ కొట్టుకి వెళ్ళాడు. ఆవిడ నిచ్చెన పట్టుకుంది. "రంగులవాడి నిచ్చెనే తమ్ముడూ. పగలగొట్టినదాంతోనే పెట్టించుకోవాలని అడిగి తెచ్చాను" అంది.

చట్రంలో పాత లప్పం గీకి, కొత్తది వేళ్ళతో నలిపి పరిచాడు. అద్దాన్ని ఆనించాడు. చుట్టూ చీమంత సందు. చిన్న మేకులు కొట్టి, లప్పం మీద బొటనవేలు వంపు పొడుగునా నడిపించాడు. ఆగకుండా, వెనక్కి తిరక్కుండా. కొట్టులోకి వెలుగు పడింది. నేల మీద ఇంకో అర్ధచంద్రం వచ్చి కూర్చుంది.

"బాగుంది తమ్ముడూ! అచ్చం..." అంటూ ఆవిడ ఆగి, "చాలా బాగుంది" అంది.

చిన్నాయన తల ఊపాడు గానీ, అతని చూపు నిచ్చెన కింద ఉన్న గోలీ మీదుంది. వేలి కణుపుతో అద్దాన్ని తట్టాడు.

గోలీ మెడ పక్కకి వాల్చింది. "మళ్ళీ" అంది.

మళ్ళీ తట్టాడు. అది గంటో గిన్నో తనకీ తెలియలేదు. పిల్ల కళ్ళు మూసుకుని వింది. కుట్టుపనావిడ కూడా ఎందుకో నవ్వు ఆపుకుని నిలబడింది. చిన్నాయన చెయ్యి నిచ్చెన మెట్టుని గట్టిగా పట్టుకుంది.

గోలీ కళ్ళు తెరిచింది. ఏమీ అనలేదు. కింద ఉన్న పనిముట్ల సంచిని రెండు చేతులతో పొట్టకి ఆనించి ఎత్తుకుని, ఆ బరువుకి పక్కకి ఒరుగుతూ, కొట్టు మెట్టు దిగి, వీధిలోకి నడిచింది.

"ఒసేయ్! ఎలా ఉందో చెప్పి పోవే!" అని అరిచాడు చిన్నాయన.

అది వెనక్కి చూడలేదు.

అలా వెళ్ళిపోయే వీపుని చూసినప్పుడల్లా ఇన్నేళ్ళూ తల దించుకున్నాడు. ఇప్పుడు నిచ్చెన మీదే నిలబడి, అది వీధి మలుపు తిరిగేదాకా చూశాడు.